కందిపప్పు తిన్న పాపానికి

ఆ కాలంలో ఎవరైనా మనల్ని చిన్నచూపు చూస్తే చెప్పుకోవడానికి పెద్దగా దిక్కు ఉండేది కాదు. ఇంట్లో చెబితే "ముందు నువ్వేం జేసినవో చెప్పు" అనేవారు. బయట చెబితే నవ్వేవారు. అందుకని చాలామంది మరిచిపోయేవారు. నేను మరిచిపోలేదు. మామిడి ముక్కలకు ఉప్పూ కారం పట్టించి జాడీలో పెట్టినట్టు, నాకు జరిగిన ప్రతి అవమానాన్నీ వాసెన కట్టి దాచుకున్నాను. తాండూరు రైల్వేస్టేషనులో అందరికీ మంచి కప్పుల్లో చాయ్ ఇచ్చి, నాకు మాత్రం చెవి విరిగిన కప్పు ఇచ్చిన మనిషి ముఖం ఇప్పటికీ గుర్తే. (అతను పోయి చాలా ఏళ్లయింది. అయినా గుర్తే.) ఈ రోజు చెప్పబోయేది ఆ జాడీలో అన్నిటికన్నా అడుగున ఉన్న ముక్క. నేను గోల్ఫు ఆడేదాన్నని, ఆ ఆటతోనే బతికానని చెబితే ఈ కాలపు పిల్లలు ముందు నన్ను చూస్తారు, తర్వాత నా చీరను చూస్తారు. అవును, చీర కట్టుకునే ఆడాను. కానీ ఆటను నేను వృత్తిగా ఎంచుకోలేదు. కందిపప్పు తిన్నానని నన్ను అందులోకి తోశారు.

మా నాయిన తాండూరులో బండలు చెక్కేవాడు. నేల మీద పరిచే నీలం బండలు, ఇప్పుడు అందరి ఇళ్లలో ఉన్నవే. ఆడపిల్ల చదువుకు వికారాబాద్ నయమని నన్ను మేనత్త దగ్గర పెట్టారు. మేనత్త ఒక బంగళాలో వంట చేసేది. ఆ బంగళా రైల్వేలో పెద్ద ఇంజనీరుగా చేసి దిగిపోయిన ఒక పెద్దాయనది. ఊరంతా ఆయన్ను 'ఇంజనీర్ సాబ్' అనేవారు. పోలీసు చర్య అయిపోయిన కొత్తలు. సాబ్‌తో కలిసి ఆడే దోస్తులు కొందరు కరాచీ పోయారు, కొందరు లండన్ పోయారు, మిగిలినవారు మంచాన పడ్డారు. బంగళా వెనక అనంతగిరి వైపు ఎక్కే వాలులో ఆయన ఇష్టంగా వేయించుకున్న గోల్ఫు మైదానం మాత్రం మిగిలింది. మైదానమంటే గడ్డి అనుకోకండి. ఎర్రమట్టి, సీతాఫలం పొదలు, మధ్యమధ్య మేకలు. గుంతల చుట్టూ మాత్రం బంతి నున్నగా దొర్లాలని నూనె కలిపిన ఇసుక పరిచి ఉండేది. ఒక్కడే ఆడితే ఓడించడానికి మనిషి దొరకడని సాబ్‌కు బాధ. వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న నన్ను చూసి, తన పాత కర్ర ఒకటి నా ఎత్తుకు కోయించి చేతిలో పెట్టాడు.

నాకు సహజంగానే కోపం ఎక్కువ. బంతిని చూస్తే బడిలో నన్ను వెనక బెంచీలో కూర్చోబెట్టిన టీచరమ్మ గుర్తుకొచ్చి గట్టిగా కొట్టేదాన్ని. బంతి పోయి మేకల మధ్య పడేది. "జర ఆగు బేటీ," అనేవాడు సాబ్, "బంతి మీద గుస్సా ఎందుకు? అది నిన్నేమన్నది? కొట్టు, కానీ తల ఎత్తకు. బంతి ఎటు పోయిందో దునియా మొత్తం చెప్తది, నువ్వు చూడకు." మేకలు కాసే ఆడవాళ్లు నిజంగానే చెప్పేవారు. "ఓ పొట్టి కర్ర పిల్లా! నీ గోళీ గీడ పడ్డది! మా మేక కాలిరిగితే మీ అత్తనడుగుత!" అని కొండంతా వినపడేలా అరిచేవారు. రెండేళ్లు తిరక్కుండానే నేను సాబ్‌ను ఓడించాను. ఆ రోజు ఆయన టోపీ తీసి నాకు సలాం చేశాడు. నా జీవితంలో గోల్ఫు తెలిసినవాళ్లు నాకు ఇచ్చిన పూర్తి మర్యాద అదొక్కటే అని ఇక్కడ రాసి పెడుతున్నాను.

సాబ్ మాట సాయంతోనే హైదరాబాదులో ఆడపిల్లల కాలేజీలో చేరాను. మా కాలేజీకి గోల్ఫు జట్టు ఉండేది. ఆ జట్టు నేనే. కెప్టెన్ని నేనే, కర్రలు మోసుకునేదీ నేనే. ఊరి బయట పెద్ద క్లబ్బులో ఏటా కాలేజీ పిల్లలకు పోటీ పెట్టేవారు. మిగిలిన పిల్లలు ఆఫీసర్ల బిడ్డలు, మోటార్లలో వచ్చేవారు. నేను సిటీ బస్సు దిగి, చెప్పులు చేతిలో పట్టుకుని గడ్డి మీద నడిచి వెళ్లేదాన్ని. (మొదటిసారి ఆ పచ్చగడ్డి మీద కాలు పెట్టినప్పుడు, ఇంత మెత్తటి చోట మేకలు లేవే అని జాలేసింది.) ఎర్రమట్టిలో, రాళ్లలో నేర్చుకున్నదానికి ఆ గడ్డి మీద ఆట నూనె రాసినట్టు సాగింది. చదివిన ప్రతి ఏడూ గెలిచాను. గెలిచినవాళ్లను వరండాలోకి పిలిచి చాయ్ ఇచ్చేవారు. అక్కడే చూశాను ఆ బోర్డు. గోడకు నల్లటి టేకు పలక, దాని మీద బంగారు రంగు అక్షరాలతో ఆడవాళ్ల పెద్ద కప్పు గెలిచినవారి పేర్లు, ఒకదాని కింద ఒకటి. చివరి పేరు కింద ఇంకా ఖాళీ ఉంది. కాలేజీ పోటీ గెలిస్తే పేరు ఎక్కదు, పెద్ద కప్పు గెలిస్తేనే ఎక్కుతుంది. చాయ్ చల్లారిపోతున్నా నేను ఆ ఖాళీనే చూస్తూ కూర్చున్నాను. బండలు చెక్కేవాడి బిడ్డ పేరు అక్కడ ఎంత వెడల్పు పడుతుందో మనసులో కొలుచుకున్నాను. అప్పటి నుంచి నాకు ఇంకేదీ అంతగా కావాలనిపించలేదు. పెళ్లి సంబంధాలు వస్తే కూడా, కప్పు పోటీ ఎప్పుడుందో చూసుకుని జవాబు చెప్పేదాన్ని.

చదువు పూర్తయిన ఎండాకాలం, పెద్ద కప్పు పోటీకి పేరు ఇచ్చి, సాధన చేసుకుందామని వికారాబాద్ వచ్చాను. అప్పుడే పటేలమ్మ దిగింది. తాండూరు పక్కన కరణ్‌కోట వైపు నల్లరేగడి భూములున్న పెద్ద పటేల్ భార్య. పటేల్ హైదరాబాదులో ఇల్లు కొన్నాడు. ఆఫీసర్లతో దోస్తీ కలవాలంటే వాళ్ల ఆడవాళ్లు ఆడే ఆట తన భార్యకూ రావాలని ఆయన పంతం. క్లబ్బులో చేర్పించాడు కూడా. ఆట మాత్రం రాదు, నేర్చుకోవడానికి సాబ్ మైదానానికి పంపాడు. "మా ఆయనకు పెద్దోళ్ల దోస్తీ గావాలె, నాకేమో గీ కర్రలాట!" అంటూ బంగళా మెట్ల మీద చతికిలబడింది పటేలమ్మ. "నేర్పుతవా పిల్లా? జొన్న కోసినట్టే గద?" జొన్న కోసినట్టు కాదని చెప్పడానికే ఒక నెల పట్టింది. కానీ చేతుల్లో బలం ఉంది. తగిలితే బంతి మేకలను దాటి, పొదలను దాటి, పక్క ఆసామి చేనులో పడేది. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, "చూసినవా పిల్లా, గది! గది!" అని మైదానమంతా నవ్వేది. ఆ ఎండాకాలం నేనూ బాగా నవ్వాను. (నాకు నవ్వు రాదనేవాళ్లు ఈ వాక్యం గమనించాలి.)

నేను తాండూరు ఇంటికి బయల్దేరే రోజు నన్ను పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, రవికె గుడ్డ చేతిలో పెట్టి, వాకిట్లోకి చూపించింది పటేలమ్మ. అక్కడ బండి మీద బస్తెడు కందిపప్పు. వద్దు వద్దన్నాను. "ఆడపిల్లను ఉత్త చేతుల్తో పంపుతరానే? మా ఇంట్ల గట్ల లేదు," అంది. మా వైపు పద్ధతి తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. బస్తా రైలెక్కి తాండూరు చేరింది. అమ్మ ఆ పప్పు వండితే పొయ్యి మీద పెట్టీపెట్టకముందే ఉడికేది, వాసన వాడంతా పోయేది. చుట్టుపక్కల ఇళ్లకు గిన్నెలు గిన్నెలుగా పంచింది. నా పతనానికి ఎంతమంది లొట్టలేశారో అప్పుడు నాకు తెలియదు.

పోటీకి ముందు రోజు క్లబ్బులో ఆడవాళ్లందరికీ చాయ్. పటేలమ్మ కూడా వచ్చింది. ఎవరో ఆమె దెబ్బను మెచ్చుకుని, ఎవరు నేర్పారని అడిగారు. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, నిండు గర్వంతో, "ఈ పిల్లనే! ఉత్తగ నేర్పించుకోలేదమ్మా, బస్తెడు కందిపప్పు ఇచ్చిన!" అంది. ఉచితంగా చేయించుకుందని ఎవరూ అనుకోకూడదని ఆమె బాధ. కానీ పక్కనే మీసాల కార్యదర్శి నిలబడి ఉన్నాడు. పటాలం నుంచి వచ్చిన మనిషి, మీసాలు మాట్లాడిన తర్వాతే ఆయన మాట్లాడేవాడు. నన్ను పక్కకు పిలిచాడు. ఆట నేర్పినందుకు ప్రతిఫలం తీసుకున్నవాళ్లు ప్రొఫెషనల్ కింద లెక్క, అలాంటివాళ్లు పెద్ద కప్పు పోటీలో ఆడకూడదు, ఇది రూలు అన్నాడు.

"డబ్బులు కాదు సార్, పప్పు," అన్నాను.

ఆయన చెడ్డవాడు కాదు. (ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.) నాకు దారి చూపించాలనే గొంతు తగ్గించి, "చూడమ్మా, అది ఏదో వెల లేని చిన్న కానుక, అంతే కదా? అలా అని చెప్పు చాలు," అన్నాడు.

చెబితే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. ఈలోగా వెనక నుంచి పటేలమ్మ విన్నది. "ఏందీ? వెల లేనిదా? మా చేను పప్పా? హైదరాబాద్ మొత్తం తిరుగుండ్రి సారూ, గసుంటి పప్పు దొరికితే నన్నడుగుండ్రి!" కార్యదర్శి నా వైపు చూశాడు. మా తాండూరు పప్పును ఎవరైనా తక్కువ చేస్తుంటే ఊరుకోవడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. "అవును సార్, చాలా మంచి పప్పు," అన్నాను.

వర్షం వచ్చి పోటీ వారం వాయిదా పడింది. సాబ్ వికారాబాద్ నుంచి వచ్చి కార్యదర్శితో వాదించాడు. చివరికి ఒక దారి తేలింది. పప్పు తిరిగి ఇచ్చేసి, ముట్టిందని పటేలమ్మతో చెప్పించాలి. నేను పరుగున తాండూరు రైలెక్కాను. అమ్మ పొయ్యి ముందు కూర్చుని అడుగున మిగిలిన పప్పే ఎసట్లో పోస్తోంది. "వాపస్ ఇయ్యాల్నా? తిన్నదాన్ని ఎట్ల వాపస్ ఇస్తరే? గా క్లబ్బోళ్ల అమ్మలు వాళ్లకేం నేర్పలేదా?" అంది. నేను ఏడ్చాను. నాయిన బజారుకు పోయి అప్పు మీద ఒక బస్తా కందిపప్పు తెచ్చాడు.

ఆ బస్తా పటేలమ్మ ఇంట్లో దించాను. ఆమె బస్తా మూతి విప్పి, గుప్పెడు తీసి, వేళ్ల మధ్య రుద్ది, ఒక బద్ద కొరికింది.

"ఇది మా చేను పప్పు గాదు. నా పప్పేదే?"

"తిన్నం పటేలమ్మా."

"ఎట్లుండె?"

"మస్తుండె."

"మరి బొట్టు పెట్టి ఇచ్చింది వాపస్ తెస్తవానే? మీ ఇంటికి మంచిదా, మా ఇంటికి మంచిదా?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను బోర్డు సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు విన్నది. "గా పలక మీద పేరెక్కితే ఏమొస్తదే?"

"ఏం రాదు."

"మరి?"

"నాకు గావాలె."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. "సరె పా. ముట్టిందని చెప్తా. నీ కోసం దేవుడు మాఫ్ చేస్తడు."

చెప్పింది కూడా. కార్యదర్శి ముందు నిలబడి, "ముట్టింది సారూ, బస్తా ముట్టింది," అంది. ఆయన ముఖం వికసించింది. పేర్ల కాగితంలో నన్ను మళ్లీ చేర్చడానికి కలం తీశాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ రోజు నేనింత రాసేదాన్ని కాదు. కలం మూత విప్పుతూ, మర్యాద కోసం, "అంత మంచి పప్పు అన్నారు కదా, తిరిగొచ్చిన దాంట్లోంచి మా ఇంటికీ కొంచెం పంపండి," అన్నాడు.

పటేలమ్మ అదిరిపడింది. "గా పప్పా? ఛీ! అది బజారు పప్పు సారూ! అది మీ ఇంటికి పంపితే మా పేరేం గావాలె? మా పప్పు ఎప్పుడో వీళ్లింట్ల ఉడికిపాయె!"

కలం మూత మళ్లీ పడింది. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది.

అలా నేను ప్రొఫెషనల్ అయ్యాను. ఆ ఏడాది కప్పు ఎవరు గెలిచారో రాయను. ఆమెను నేను కాలేజీ రోజుల్లో ప్రతిసారీ ఓడించాను, అది మాత్రం రాస్తాను. తాండూరు వెళ్లి మంచం ఎక్కితే, నాయిన ఒక సాయంత్రం గని నుంచి బండ మోయించుకొచ్చాడు. నున్నటి నీలం బండ. దాని మీద నా పేరు లోతుగా చెక్కాడు. "వాళ్లది చెక్క బిడ్డా, చెద తింటది. ఇది నువ్వు పోయినంక గూడ ఉంటది," అన్నాడు. నేను పోయినంక సంగతి నాకెందుకు నాయినా అని గోడ వైపు తిరిగాను. మర్నాడు లేచేసరికి అమ్మ దాన్ని పెరట్లో వేసి బట్టలు ఉతుకుతోంది. అరిచాను. "గీతలుంటె మురికి మంచిగ పోతదే," అంది అమ్మ, చెయ్యి ఆపకుండా.

ప్రొఫెషనల్‌నని తేల్చేశారు కాబట్టి, ఆడవాళ్లకు ఆట నేర్పే పని కూడా ఆ క్లబ్బే ఇచ్చింది. పంతం కొద్దీ ఒప్పుకున్నాను. అక్కడ ఇంకో రూలు ఉందని చేరాక తెలిసింది. నేర్పేవాళ్లు ముందు మెట్లు ఎక్కకూడదు, వరండాలో కూర్చోకూడదు. వెనక తలుపు నుంచి, కర్రల సంచులుండే గదిలోకి రావాలి. కాలేజీ పిల్లగా ఉన్నప్పుడు చాయ్ తాగిన చోటు, అదే ఆటలో అందరికన్నా ముదిరాక నాకు కాకుండా పోయింది. ఉదయం పచ్చిక మీద నిలబడి "తల ఎత్తకండమ్మా" అని అందరికీ చెప్పి, నేను మాత్రం తల ఎత్తి దూరం నుంచి ఆ బోర్డును చూసేదాన్ని. అక్షరాలు కనిపించేవి కావు, ఎండ పడితే బంగారు రంగు మెరిసేది. ఏటా ఒక గీత పెరిగేది. అవన్నీ నేను చెయ్యి పట్టి నేర్పినవాళ్ల పేర్లు. ఖాళీ తగ్గుతూ వచ్చింది. సాయంత్రం అందరూ వెళ్లాక ఒక్కదాన్నే ఆడుకునేదాన్ని, వికారాబాద్ ఎర్రమట్టిని తలుచుకుంటూ. అప్పటికి సాబ్ లేడు. మైదానం సీతాఫలాల పాలైంది.

కొన్నేళ్లకు ఆ కప్పు పటేలమ్మ గెలిచింది. (మంచి ఆటగత్తెలిద్దరు ఆ ఏడాది కాన్పులకు పోయారు. అసూయతో అనడం లేదు.) కప్పు ఇచ్చేటప్పుడు నేను అలవాటుగా మెట్ల కింద, ఎండలో నిలబడ్డాను. వరండాలో ఆమె పేరు పిలిచారు. ఆమె లేవలేదు. "నా పంతులమ్మ ఏది?" అంది. కార్యదర్శి మీసాలు సర్దుకుని రూలు చెప్పబోయాడు. "రూలు మీరే ఉంచుకోండ్రి, కప్పు గూడ మీరే ఉంచుకోండ్రి. పంతులమ్మను ఎండల నిలబెట్టి నేను కప్పు పట్టుకుంటనా? మా ఇంట్ల గట్ల లేదు," అని మెట్లు దిగి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె మెల్లగా, నాకొక్కదానికే వినపడేలా, "ఆ రోజు నోరు ఊకోలేదే, ఏం జెయ్యాలె," అంది. ఇద్దరం ముందు మెట్లే ఎక్కాం. ఎవరూ ఆపలేదు. చాయ్ ఇచ్చారు, మంచి కప్పులోనే. బోర్డు దగ్గరికి వెళ్లి చూశాను. చివరి పేరు కింద ఒకే ఒక్క గీతకు చోటు మిగిలింది, అది పటేలమ్మది. నేను వేలితో ఆ ఖాళీని ఒకసారి తాకాను. చల్లగా ఉంది. అంతే.

ఆ వరండాను తర్వాత పడగొట్టారని, పలక ఏమైందో ఎవరికీ తెలియదని ఈమధ్య విన్నాను. మా వాళ్లు ఆ మాట విని, చూశావా, నీ బండే మిగిలింది అని నాకు ధైర్యం చెబుతారు. నిజమే, నేనిప్పుడు ఉంటున్న తాండూరు ఇంటి పెరట్లో అది ఇంకా ఉంది. అమ్మ బట్టలకు నా పేరు సగం అరిగింది. కానీ ఇప్పుడైనా ఎవరైనా ఆ టేకు పలక తెచ్చి, ఒక గీత ఖాళీ చేసి ఇస్తామంటే, ఈ బండ ఇచ్చి తెచ్చుకుంటాను. (నాయిన లేడు కాబట్టి రాస్తున్నాను.) సాయంత్రాలు కుర్చీ వేసుకుని, సాబ్ కోయించిన పొట్టి కర్రతో ఆ బండ మీద బంతి దొర్లిస్తుంటాను. ఎటు నుంచి కొట్టినా నాయిన లోతుగా చెక్కిన మొదటి అక్షరంలోకి పోయి ఆగిపోతుంది. ఎండలో మెట్ల కింద నిలబడి మెరుపును చూసే ఆ మొండి పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. బంతి తీసి, ఈసారి తల ఎత్తకుండా, మళ్లీ కొడతాను.